రుయాలో హౌస్ సర్జన్సీ, మనసు ఆర్మీ మెడికల్ కోర్ మీద: ఏ పోస్టింగ్ ఎలా చేయాలి?

అమ్మా, నీ ప్రశ్న నిదానంగా చదివాను. మిగతా పిల్లలకీ పనికొస్తుంది కాబట్టి ముందు దాన్ని క్లుప్తంగా చెప్తాను. తిరుపతి ఎస్వీ మెడికల్ కాలేజీలో ఫైనల్ ఇయర్ పాసయ్యావు, వచ్చే నెల నుంచి కాలేజీ ఆసుపత్రి రుయాలో హౌస్ సర్జన్సీ, అంటే ఏడాది ఇంటర్న్‌షిప్. అది అవగానే సైన్యంలోని వైద్య విభాగం ఆర్మీ మెడికల్ కోర్ (ఏఎంసీ)లో షార్ట్ సర్వీస్ కమిషన్‌కి, అంటే కొన్నేళ్ల కాంట్రాక్టు మీద ఆఫీసర్ ఉద్యోగానికి, వెళ్లాలని ఉంది. నువ్వు అడిగినవి నాలుగు: ఎలక్టివ్స్‌లో (మనమే ఎంచుకునే పోస్టింగుల్లో) ఏం తీసుకోవాలి, కమ్యూనిటీ మెడిసిన్‌లో (ప్రజారోగ్య విభాగంలో) సంతకం పెట్టేసి ఆ మూడు నెలలూ నీట్ పీజీకి చదువుకోవచ్చా, ఇంటర్న్‌షిప్ ఏదైనా మిలిటరీ ఆసుపత్రిలో చేస్తే మేలా, ఇంట్లో అమ్మని ఎలా ఒప్పించాలి. నేనూ మీ కాలేజీ వాడినే. షార్ట్ సర్వీస్ చేసి వచ్చి ఇప్పుడు చిత్తూరులో ప్రాక్టీసు పెట్టుకున్నాను. సీనియర్‌గా చనువు తీసుకుని 'నువ్వు' అనే రాస్తున్నాను.

మిలిటరీ ఆసుపత్రి సంగతి ముందు తేల్చేద్దాం. పుణెలోని సైనిక వైద్య కళాశాల ఏఎఫ్‌ఎంసీ వాళ్ల దారి వేరు. నీట్ యూజీ రాశాక వాళ్లకి విడిగా ఇంకో పరీక్ష, ఇంటర్వ్యూ, మెడికల్స్ ఉంటాయి. చదువు అవగానే కమిషన్ తీసుకుని, యూనిఫాంలోనే దేశంలోని రకరకాల సైనిక ఆసుపత్రుల్లో ఇంటర్న్‌షిప్ చేస్తారు. నీది సివిల్ దారి. సొంత కాలేజీ ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్ పూర్తిచేసి, పర్మనెంట్ రిజిస్ట్రేషన్ చేతికొచ్చాక అప్లై చేయడం. దీనికి దిగులు పడాల్సిన పనేం లేదు. కంటోన్మెంట్ ఆసుపత్రిలో ఏడాదంతా కూర్చున్నా చూడలేనన్ని పాముకాట్లు, పురుగుమందు కేసులు, హైవే యాక్సిడెంట్లు రుయా క్యాజువాలిటీకి వస్తాయి. ఆర్మీకి కావలసిన చేయి అక్కడే తిరుగుతుంది.

ఇప్పుడు అసలు విషయం. సెలెక్టయితే లక్నోలోని ఏఎంసీ సెంటర్ అండ్ కాలేజీలో బేసిక్ కోర్సు, కెప్టెన్ ర్యాంకుతో మొదలు. ఆ తర్వాత ముందో వెనకో ఒక యూనిట్‌కో ఫీల్డ్ ఆసుపత్రికో పంపుతారు. యూనిట్ డాక్టర్ని రెజిమెంటల్ మెడికల్ ఆఫీసర్ అంటారు, వాడుకలో ఆర్‌ఎంవో. ఒక ఇన్‌ఫాంట్రీ బెటాలియన్‌లో సుమారు 800 మంది ఉంటారు, వాళ్లందరికీ డాక్టరు ఒక్కరే. చేతికింద కొందరు నర్సింగ్ అసిస్టెంట్లు, ఎంఐ రూమ్ అనే ఒక చిన్న వైద్య పరీక్షల గది, ఒక అంబులెన్సు. 'పీజీని పిలవండి', 'అనస్తీషియాకి ఫోన్ చేయండి', 'బ్లడ్ బ్యాంకుకి మనిషిని పంపండి' అనే మాటలు అక్కడ చెల్లవు. స్పెషలిస్టున్న ఆసుపత్రి గంటల దూరంలో ఉంటుంది, మబ్బు కమ్మితే హెలికాప్టర్ రాదు. అందుకే ఈ ఏడాదికి నేను చెప్పే కొలత ఒకటే: పక్కన ఎవరూ లేనప్పుడు నీ మీద పడే పని ఏ పోస్టింగ్‌లో నేర్చుకోవచ్చో అక్కడ ఎక్కువసేపు నిలబడు. పీజీ బ్రాంచికి పనికొచ్చేది, ప్రొఫెసర్ కంట్లో పడేది, ఇవన్నీ దాని తర్వాతే.

2021లో జాతీయ వైద్య కమిషన్ (ఎన్‌ఎంసీ) తెచ్చిన ఇంటర్న్‌షిప్ నిబంధనల ప్రకారం 52 వారాల్లో కమ్యూనిటీ మెడిసిన్‌కే 12 పోతాయి. గైనిక్‌కి కుటుంబ సంక్షేమంతో కలిపి 7, మెడిసిన్‌కి 6, సర్జరీకి 6, పిల్లల విభాగానికి 3. అనస్తీషియా, క్యాజువాలిటీ, ఆర్థో, ఈఎన్‌టీ, కళ్లు, సైకియాట్రీ తలా 2. ఫోరెన్సిక్, చర్మం ఒక్కో వారం. లెక్క కడితే మిగిలేది 4 వారాలు, ఆయుష్ వారం కూడా అందులోనే. అంటే నీ చేతిలో నిజంగా ఉన్న ఎలక్టివ్ మూడు వారాలు. ఆ మూడు వారాల గురించి పిల్లలు ఎంత టెన్షన్ పడతారో! మిగతా 48 వారాల్లో ఎక్కడ మనసు పెడతావు, ఎక్కడ మొహం చూపించి వెళ్లిపోతావు అన్నదే అసలు ఎంపిక.

కమ్యూనిటీ మెడిసిన్ దగ్గరికి వద్దాం. మా రోజుల్లో ఎస్పీఎం అనేవాళ్లం, అది 'సెలవుల పోస్టింగ్' అన్న పేరు అప్పుడూ ఉంది. పీజీ కోసం చదువుకునేవాళ్లు అలా అనుకుంటే అర్థం చేసుకోగలను. ఆర్మీకి వెళ్లాలనుకునే నువ్వు అనుకుంటే మాత్రం ఒప్పుకోను. ఎందుకంటే ఆర్‌ఎంవో రోజువారీ పనిలో సగానికి పైగా ఎస్పీఎమ్మే. నీళ్లు తాగడానికి పనికొస్తాయా, లంగరులో (సైనికుల వంటశాలలో) వంట చేసే మనిషి చేతికి పుండు ఉందా, కొత్త క్యాంపులో మరుగుదొడ్లు ఎక్కడ తవ్వాలి, దోమతెరలు నిజంగా కడుతున్నారా లేక తనిఖీ రోజునే కడుతున్నారా, టీకాల ఫ్రిజ్‌కి కరెంటు పోతే ఏం చేయాలి. కమాండింగ్ ఆఫీసర్ నిన్ను అడిగేవి ఇవే. ఒక్క పూట నీళ్లు తేడా చేస్తే యాభై మంది విరేచనాలతో పడుకుంటారు. అప్పుడు వార్డులో నువ్వెంత గొప్పగా సెలైన్లు ఎక్కించినా, ముందు రోజు నీళ్లు ఎందుకు చూడలేదన్నదే ప్రశ్న.

నీళ్లలో ఎంత బ్లీచింగ్ పౌడర్ కలపాలో తేల్చే హొరాక్స్ పెట్టె చూపించి వైవాలో ప్రాణం తీస్తారు, గుర్తుందా? బ్రిటిష్ సైన్యంలో డాక్టరైన విలియం హొరాక్స్ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో సైనికుల తాగునీటి కోసం దాన్ని రూపొందించాడు. ఆరు తెల్ల కప్పులు, లోపల గీత ఉన్న ఒక నల్ల కప్పు, రెండు గ్రాములు పట్టే చెంచాలు, స్టార్చ్ అయొడైడ్ ఇండికేటర్. నల్ల కప్పులో చెంచాడు బ్లీచింగ్ పౌడర్‌ని ముద్దలా కలిపి, గీత దాకా నీళ్లు పోసి తేరనిస్తావు. శుద్ధి చేయాల్సిన నీళ్లు తెల్ల కప్పుల్లో పోసి, తేరిన ద్రావణం మొదటి దానిలో ఒక చుక్క, రెండో దానిలో రెండు చుక్కలు, అలా వేసుకుంటూ పోతావు. అరగంట ఆగి ఒక్కో దానిలో మూడు చుక్కలు ఇండికేటర్ వేస్తే, స్పష్టంగా నీలం తేలిన మొదటి కప్పు నీకు లెక్క చెప్తుంది. మూడో కప్పయితే 455 లీటర్లకి 6 గ్రాములు. చదవడానికి ఇంతే. వాగు నుంచి తోడిన మట్టి నీళ్లు, చలికి బిగుసుకుపోయిన వేళ్లు, తెల్లారకముందే బయల్దేరాల్సిన కంపెనీ, టార్చి వెలుతురు. ఆ వెలుతురులో రెండో కప్పు నీలమా కాదా అని తేల్చడం అంత తేలికేం కాదు. పైగా మూత సరిగ్గా వేయని బ్లీచింగ్ బస్తాలో క్లోరిన్ ఎప్పుడో ఎగిరిపోయి ఉంటుంది, నువ్వు వేసేది ఉత్త సున్నం లాంటి పొడి.

అందుకని పీహెచ్‌సీ పోస్టింగ్‌లో హెల్త్ సూపర్‌వైజర్‌ని పట్టుకో. ఓవర్‌హెడ్ ట్యాంకు క్లోరినేషన్‌కి వెళ్లేటప్పుడు వెంట వెళ్లు, గంట తర్వాత వీధి చివరి కొళాయి దగ్గర మిగులు క్లోరిన్ లీటరుకి 0.5 మిల్లీగ్రాములు వస్తోందో లేదో నీ చేత్తో పరీక్షించు. జ్వరాల సీజన్లో మలేరియా వర్కర్‌తో ఒక పూట తిరిగి రక్తపు పూతలు తీయి. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని గుర్తించిన రోనాల్డ్ రాస్ కూడా ఇండియన్ మెడికల్ సర్వీస్ అనే సైనిక సర్వీసు డాక్టరే. ఈశాన్య అడవుల్లో ఆ దోమ ఇప్పటికీ యూనిట్ డాక్టరుకి నిద్ర లేకుండా చేస్తుంది. డిపార్ట్‌మెంట్ వాళ్లని అడిగి తిరుమలలో తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రం వంటశాల చూసే వీలుంటే తప్పకుండా చూడు. రోజూ వేలమందికి వండిపెట్టే చోట నీళ్లు, చేతులు, పాత్రలు, వ్యర్థాలు ఎలా నడుస్తాయో చూశాక బెటాలియన్ లంగరు చిన్నదిగా కనపడుతుంది. బ్రహ్మోత్సవాల మెడికల్ క్యాంపులకి హౌస్ సర్జన్లని అడిగితే నీ పేరు ముందు ఇచ్చేయి. గరుడ సేవ నాటి జనంలో స్ట్రెచర్ ఎటు నుంచి ఎటు కదలాలి, ఎవర్ని ముందు చూడాలి, ఎవరికి కూర్చోబెట్టి మంచినీళ్లు ఇస్తే చాలు అన్నది ఏ క్లాసులోనూ రాదు.

మరి చదువు? పీహెచ్‌సీలో పని మధ్యాహ్నానికి పల్చబడుతుంది. సాయంత్రాలూ రాత్రుళ్లూ నీవే, నైట్ డ్యూటీలు లేని మూడు నెలలు అవి. చదువుకోవడానికి అది చాలదా? పొద్దున్న పూట ఎగ్గొట్టి హాస్టల్లో కూర్చున్నవాళ్లు ఆ పూట చదివేదెంతో, ఫోన్ చూసేదెంతో నాకు తెలుసు.

క్యాజువాలిటీ, అనస్తీషియా: రెండూ కలిపి నాలుగే వారాలు, నీకు అన్నిటికన్నా విలువైనవి అవే. వీలైతే అనస్తీషియా ముందు, క్యాజువాలిటీ తర్వాత వచ్చేలా చూసుకో. రోస్టర్ ఆఫీసు వేస్తుంది, కానీ బ్యాచ్‌మేట్లతో మార్చుకోవడం ఎప్పుడూ ఉన్నదే, పైవాళ్ల అనుమతితో.

అనస్తీషియాలో అందరికీ ఇంట్యూబేషన్, అంటే శ్వాసనాళంలోకి ట్యూబు వేయడం మీద మోజు. అది చేయొద్దని కాదు, కానీ ముందు బ్యాగ్ మాస్క్‌తో చేత్తో ఊపిరి అందించడం నేర్చుకో. ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు మాస్క్ చుట్టూ బిగించి, మిగతా మూడు వేళ్లు దవడ ఎముక కింద వేయాలి, మెత్తటి గొంతు మీద కాదు. కొత్తవాళ్లు మాస్క్‌ని ముఖం మీదకి అదుముతారు, దాంతో నాలుక వెనక్కి పడి గాలి పోదు. దవడని పైకెత్తి మాస్క్‌లోకి లాగాలి. ఛాతీ లేస్తోందా లేదా అన్నదే చూడు, మానిటర్ తర్వాత. పొద్దున్నే లిస్టు మొదలవకముందే థియేటర్‌కి వెళ్లి, 'మేడమ్, ఇవాళ మొదటి మూడు కేసులకి మాస్క్ నేను పట్టుకుంటాను' అని అడిగితే కాదనే అనస్తీషియా డాక్టర్లు అరుదు. అలా పట్టుకున్న చేతికి పట్టు దొరికాక, కదులుతున్న అంబులెన్సులో కూడా మనిషిని ఆసుపత్రి దాకా బతికించి తీసుకెళ్లగలవు. ట్యూబు వేయడం రాకపోయినా అది వస్తే చాలు, చాలాసార్లు.

క్యాజువాలిటీలో మన ప్రాంతం నీకిచ్చే పెద్ద పాఠం పాముకాటు. వేరుశనగ చేలల్లో, మామిడి తోటల్లో కరిచి వచ్చేవి ఎక్కువ. రక్తం గడ్డకడుతోందో లేదో చూసే ఇరవై నిమిషాల పరీక్ష నువ్వే స్వయంగా చేయి, సిస్టర్‌కి అప్పగించకు. శుభ్రంగా ఉన్న పొడి గాజు ట్యూబులో 2 మి.లీ. రక్తం తీసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచి, ఒక్కసారి వంచి చూడాలి. గడ్డకట్టకుండా జారిందంటే పింజర విషం రక్తంలో పని మొదలుపెట్టింది. ప్లాస్టిక్ ట్యూబు పనికిరాదు, సబ్బుతో కడిగింది పనికిరాదు, మధ్యలో ఊపి చూస్తే మళ్లీ మొదటికొస్తుంది. ఇక రాత్రి నేలమీద పడుకుని తెల్లవారుజామున కడుపునొప్పి, గొంతు పట్టేసిందంటూ వచ్చి, ఒంటిమీద కాటే కనపడక, రెప్పలు వాలిపోతున్న మనిషిని చూస్తే కట్లపాము గుర్తుకు రావాలి. గుడారంలో నేలమీద పడుకునే జవానుకీ అదే జరుగుతుంది. యాంటీ వీనం (విషానికి విరుగుడు మందు) ఎక్కించే ముందే అడ్రినలిన్ సిరంజిలోకి తీసి పక్కన పెట్టుకునే అలవాటు ఇక్కడే చేసుకో. ఇంకొకటి: మన దగ్గర దొరికే మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజరలకే. ఈశాన్యంలో కనపడే పిట్ వైపర్ల మీద దానికి భరోసా లేదు. అక్కడ పోస్టింగ్ పడితే ఇక్కడి పద్ధతి కళ్లుమూసుకుని దించకూడదు.

వడదెబ్బ కూడా మన ఎండాకాలంలోనే చూడు. ట్రైనింగ్‌లో పరిగెత్తి పడిపోయిన కుర్రాడు మాట తేడాగా మాట్లాడుతుంటే, ముందు బట్టలు తీసి నీళ్లతో చల్లబరచాలి, ఆ తర్వాతే బండి ఎక్కించాలి. ఈ వరస తిరగబడితే దారిలోనే పోతాడు. ఎత్తైన కొండల జబ్బులు మాత్రం తిరుపతిలో చూసే అవకాశం లేదు, తిరుమల ఎత్తు సుమారు మూడు వేల అడుగులే. అవి ఆర్మీయే నేర్పుతుంది. 9 వేల అడుగులు దాటాక మొదట 6 రోజులు, 12 వేలు దాటాక 4, 15 వేలు దాటాక మరో 4 రోజులు ఆగి అలవాటు పడాలన్న పద్ధతిని యూనిట్‌లో అమలు చేయించేది డాక్టరే. తొందరగా పైకి పంపమని ఒత్తిడి వస్తే కాదనాల్సిందీ నువ్వే.

రెండేసి వారాల పోస్టింగులు ఉన్నాయి చూడు, వాటిని చిన్నచూపు చూడకు. ఆర్మీలో ప్రతి మనిషికీ మెడికల్ కేటగిరీ ఉంటుంది, దాన్ని షేప్ అంటారు. మానసిక స్థితి, వినికిడి, కాళ్లూ చేతులూ, శరీర సామర్థ్యం, చూపు: ఈ ఐదింటికీ విడివిడిగా గ్రేడు. ఏటా జరిగే మెడికల్స్‌లో నువ్వు రాసే ఆ అంకె మీద ఒకరి ప్రమోషను, పోస్టింగు ఆధారపడతాయి. ఈఎన్‌టీలో ట్యూనింగ్ ఫోర్కు సరిగ్గా పట్టుకోవడం, ఆడియోగ్రామ్ చదవడం నేర్చుకుంటే ఫైరింగ్ రేంజిలో చెవి పోయిన హవల్దారు నీకు అర్థమవుతాడు. కళ్ల విభాగంలో అద్దాల పవర్ తేల్చే రిఫ్రాక్షన్, రంగుల చూపు పరీక్షించే ఇషిహారా పుస్తకం. ఆర్థోలో పెద్ద ఆపరేషన్ల వెంట పడకు. ఎముకల ఆసుపత్రి బర్డ్ పక్కనే ఉండేసరికి మన ఊళ్లో అందరికీ మోకాలి మార్పిడి మీదే కన్ను. నీకు కావలసింది భుజం కీలు సరిచేయడం, గట్టి పీఓపీ స్లాబ్ వేయడం, థామస్ స్ప్లింట్ కట్టడం, రిక్రూటు కుర్రాడి పిక్క ఎముక నొప్పి మామూలు నొప్పా, స్ట్రెస్ ఫ్రాక్చరా అని అనుమానించడం.

సైకియాట్రీ గురించి ఒక మాట గట్టిగా చెప్తాను. తుపాకీ చేతిలో ఉన్న మనిషి నిద్రపోవడం లేదని, ఇంటి నుంచి ఫోన్ వచ్చినప్పటి నుంచి మాట్లాడటం లేదని ఎవరో చెప్తే, వాడికి ఆయుధం ఇవ్వాలా వద్దా అన్న సలహా నువ్వే ఇవ్వాలి. సిక్ రిపోర్టుకి వచ్చి 'నడుం నొప్పి సాబ్' అనేవాడిలో డ్యూటీ తప్పించుకునేవాడెవడో, నడుం నొప్పి పేరుతో దిగులు చెప్పుకోవడానికి వచ్చినవాడెవడో తెలియాలంటే ఓపీలో సీనియర్లు ప్రశ్నలు ఎలా అడుగుతారో వినాలి. ప్రిస్క్రిప్షన్ రాసుకోవడం కాదు, ఆ ప్రశ్నలు రాసుకో. తాగుడు మానేసిన మూడో రోజు వణుకు, భ్రమలు మాత్రం సైకియాట్రీలో కన్నా ఆర్థో వార్డులో ఎక్కువ కనపడతాయి, కాలు విరిగి చేరినవాళ్లలో.

ఫోరెన్సిక్ ఒక్క వారమే. ఊండ్ సర్టిఫికెట్ నీట్‌గా రాయడం వస్తే చాలు: ఏ వైపు, ఎంత పొడవు, ఏ వయసు గాయం, మనిషి ఏం చెప్పాడు, నువ్వేం చూశావు, ఈ రెండూ విడివిడిగా. ఆర్మీలో గాయం సర్వీసు వల్ల అయిందా లేదా అన్నది డిజెబిలిటీ పెన్షన్‌ని తేలుస్తుంది. పదేళ్ల తర్వాత ఆ జవాను కోర్టుకెళ్తే, అప్పుడు మాట్లాడేది నువ్వు ఆ రోజు రాసిన కాగితమే. మన డాక్టర్ల చేతిరాత సంగతి నీకు చెప్పక్కర్లేదు.

మెడిసిన్, సర్జరీ, గైనిక్, పిల్లల విభాగం గురించి పెద్దగా చెప్పను, అవి ఎలాగూ నిన్ను పిండేస్తాయి. మెటర్నిటీలో నార్మల్ డెలివరీ, పీపీహెచ్ (కాన్పు తర్వాత అధిక రక్తస్రావం) మొదటి పది నిమిషాలు చేతికి రావాలి. సైనికుల కుటుంబాలూ నీ పేషెంట్లే, చిన్న స్టేషన్లలో గైనిక్ స్పెషలిస్టు ఉండకపోవచ్చు. సర్జరీలో కుట్లు, ఛాతీ ట్యూబు, కాలిన గాయాలు.

ఇక ఆ మూడు వారాల ఎలక్టివ్. మీ కాలేజీ ఇచ్చే జాబితాలో క్రిటికల్ కేర్‌కి దగ్గరగా ఏది ఉంటే అది మొదట తీసుకో. రెండోది రేడియాలజీ. స్కానింగ్ ప్రోబు నీ చేతికివ్వరు, పక్కన నిలబడి ఛాతీ, ఎముకల ఎక్స్‌రేలు రోజుకి వందలకొద్దీ చూడు, రిపోర్టు వచ్చేలోపు నీ రిపోర్టు నువ్వు రాసి పోల్చుకో. యూనిట్‌లో పోర్టబుల్ ఎక్స్‌రే ఉంటే ఫిల్ము చదివి చెప్పేవాళ్లు ఉండరు. సూపర్ స్పెషాలిటీ వార్డు మోజు వద్దు. అక్కడ నువ్వు నేర్చుకునేది పేషెంటు ఫైలు మోయడమే.

నీట్ పీజీని తీసిపారేయమని నేననడం లేదు. ఇటీవలి షార్ట్ సర్వీస్ నోటిఫికేషన్లలో ఇంటర్వ్యూకి పిలిచేది నీట్ పీజీ మార్కులని బట్టే. కాబట్టి ఆ చదువు ఆర్మీకీ పనికొస్తుంది. ఎంబీబీఎస్‌తో వెళ్లేవాళ్లకి ఆ ఏడాది డిసెంబరు 31కి ముప్పై ఏళ్లు నిండకూడదు. ఫైనల్ ఎంబీబీఎస్ రెండు ఛాన్సులకి మించి రాసి పాసైనవాళ్లు అప్లై చేయనక్కర్లేదని స్పష్టంగా రాసి ఉంటుంది, నీకా సమస్య లేదు. మొదటి కాంట్రాక్టు ఐదేళ్లు, ఆపైన పొడిగింపులతో మొత్తం 14 ఏళ్ల దాకా ఉండొచ్చు, మధ్యలో పర్మనెంట్ కమిషన్‌కి పరీక్ష రాయొచ్చు. ఇంటర్వ్యూ ఢిల్లీలో. మిగతా ఆఫీసర్ల ఎంపికకి ఉండే ఎస్‌ఎస్‌బీ లాంటి ఐదు రోజుల తతంగం దీనికి లేదు. బోర్డులో కూర్చునేది సీనియర్ డాక్టర్లు, ఏ పని నీ చేత్తో చేశావో రెండు ప్రశ్నల్లో పట్టేస్తారు. చూసినవి 'చేశాను' అని చెప్పకు. అందుకే కాలేజీ లాగ్‌బుక్ కాకుండా సొంతంగా ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకో: తేదీ, ఏం చేశావు, ఎక్కడ తడబడ్డావు. పేషెంటు పేరు రాయకు.

సెలవులు ఏడాదికి 15 రోజులే, అంతకు మించితే ఇంటర్న్‌షిప్ పొడిగిస్తారు. పొడిగింపు అంటే కంప్లీషన్ సర్టిఫికెట్ ఆలస్యం, దాంతో రిజిస్ట్రేషన్ ఆలస్యం, నోటిఫికేషన్‌లో ఇచ్చిన గడువు దాటిపోవచ్చు. అక్కచెల్లెళ్ల పెళ్లిళ్లకి తలా నాలుగు రోజులు ఇచ్చేయకుండా పరీక్ష ముందు వారం రోజులైనా దాచుకో.

ఇంటర్వ్యూలో గట్టెక్కినవాళ్లు మెడికల్స్‌లో ఆగిపోవడం చాలా చూశాను. డాక్టర్లే, అయినా సొంత ఒళ్లు చూసుకోరు. హౌస్ సర్జన్సీలో క్యాంటీన్ పరోటాలు, నైట్ డ్యూటీ టీలతో బరువు పెరుగుతుంది. కళ్ల పోస్టింగ్‌లో ఉన్నప్పుడే నీ చూపు, రంగుల పరీక్ష చేయించుకో. ఈఎన్‌టీలో చెవులు, డెంటల్‌లో పళ్లు చూపించుకో. ఆపరేషన్‌తో సరిపోయే లోపం ఏదైనా ఉంటే ఈ ఏడాది మొదట్లోనే తేల్చుకో, కోలుకునే టైముంటుంది. వారానికోసారి శ్రీవారి మెట్టు ఎక్కు, 2,388 మెట్లు. మొక్కూ తీరుతుంది, ఊపిరీ పెరుగుతుంది.

అమ్మ సంగతి. ఆవిడ భయం తప్పేం కాదు, మా అమ్మా నా ట్రంకు పెట్టె సర్దుతూ ఏడ్చింది. ఒక్క మాట చెప్పి చూడు: భారత వైమానిక దళంలో ఎయిర్ మార్షల్ అయిన తొలి మహిళ పద్మా బందోపాధ్యాయ పుట్టింది తిరుపతిలోనే, 1944లో. ఆవిడ ఏఎఫ్‌ఎంసీలో చదివిన డాక్టరు, 1968లో వైమానిక దళంలో చేరారు, 2020లో పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబరులో మూడు దళాల వైద్య సేవలకీ అధిపతిగా సర్జన్ వైస్ అడ్మిరల్ ఆర్తి సరీన్ వచ్చారు, ఆ కుర్చీలో కూర్చున్న మొదటి మహిళ. 2023 డిసెంబరులో కెప్టెన్ గీతికా కౌల్‌ని సియాచిన్‌లో మెడికల్ ఆఫీసర్‌గా వేశారు. ఈ చివరిది అమ్మకి చెప్పకపోవడమే మంచిదేమో, నీ ఇష్టం. పెళ్లి సంబంధాల గొడవ వస్తే, అమ్మాయి కెప్టెన్ అని చెప్పి చూడమను, మన జిల్లాలో ఆ మాటకి విలువ బాగానే ఉంది.

చివరగా కాగితాలు. అప్లికేషన్ గడువు కొద్ది వారాలే ఉంటుంది, ఆ టైములో కాలేజీ ఆఫీసు చుట్టూ తిరగలేవు. పదో తరగతి సర్టిఫికెట్, మార్కుల మెమోలు, అటెంప్ట్ సర్టిఫికెట్ ఇప్పుడే స్కాన్ చేసి పెట్టుకో. అన్నిటిలోనూ నీ పేరు, ఇంటిపేరు, నాన్నగారి పేరు ఒకేలా ఉన్నాయో లేదో చూడు. మనవాళ్లకి ఇంటిపేరు ఒక దాంట్లో ముందు, ఒక దాంట్లో వెనక, ఒక దాంట్లో పొడి అక్షరం. తేడా ఉంటే ఇంటర్న్‌షిప్ మొదటి నెలల్లోనే సరిచేయించు. కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చిన వెంటనే ఏపీ మెడికల్ కౌన్సిల్లో పర్మనెంట్ రిజిస్ట్రేషన్‌కి పెట్టేయి. రోస్టర్ వచ్చాక ఇక్కడ పెట్టు, ఏ పోస్టింగ్ ఎవరితో మార్చుకుంటే బాగుంటుందో చూసి చెప్తాను.